కాబోయే అల్లుడి బౌలింగ్

నేను బౌలర్‌ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే బ్యాట్ పట్టుకున్నవాళ్ళ మీద నాకు పుట్టుకతో వచ్చిన కోపం ఒకటుంది. వికారాబాద్‌లో కాలేజీ రోజుల నుంచీ చూస్తున్నాను. ఆదివారం పొద్దున టెన్నిస్ బంతితో ఆడే ఆటలో కూడా ఫోటో దిగేది వాళ్ళే. పరిగెత్తేది మేము, చెమట కార్చేది మేము, దెబ్బలు తినేది మేము. వాడేమో నీడలో నిలబడి, కాలితో గీత గీసుకుని, అటూ ఇటూ దిక్కులు చూసి, ఇక వెయ్యమన్నట్టు తల ఊపుతాడు. ఆలోచిస్తే అదంతా మగపెళ్ళివారి, ఆడపెళ్ళివారి వ్యవహారమే. బ్యాట్ పట్టినవాడు మగపెళ్ళివాడు. వచ్చింది నచ్చితే కొడతాడు, నచ్చకపోతే వదిలేస్తాడు. ఎన్నిసార్లు వదిలేసినా మళ్ళీ వెనక్కి నడిచి, ఊపిరి తీసుకుని, పరిగెత్తుకుంటూ ఎదురెళ్ళాల్సింది మనమే.

అయితే న్యాయం కూడా చెప్పుకోవాలి. బ్యాటింగ్‌లో ఒక్క తప్పు చేస్తే ఆ పూటకు పని అయిపోయినట్టే. చెట్టు కింద కూర్చుని మిగతావాళ్ళ ఆట చూస్తూ గోళ్ళు కొరుక్కోవడమే. నాకు ఆ బాధ లేదు. ఎంత చెత్త బంతి వేసినా ఇంకో బంతి ఉంటుంది. కాకపోతే నా అదృష్టం నా చేతిలో ఉండదు. నేను ప్రాణం పెట్టి వేసిన బంతిని వాడు గాల్లోకి లేపితే, ఎక్కడో దూరంగా నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డవాడు దాన్ని పట్టాలి. వాడు వదిలేస్తే నేనేం చేస్తానన్నది నా గుణాన్ని బట్టి ఉంటుంది. నా గుణం అంత మంచిదేమీ కాదు. మా జట్టులో క్యాచ్ వదిలినవాళ్ళు ఓవర్ అయ్యేదాకా నా కంటపడేవాళ్ళు కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చెల్లెలి పెళ్ళి ఖాయమవుతుందా లేదా అన్నది ఒక మధ్యాహ్నం నిజంగానే ఈ ఆట మీద ఆధారపడింది. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు.

చెల్లెలు వికారాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. సంబంధం తాండూరు నుంచి వచ్చింది. వాళ్ళకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. పిల్లవాడు తండ్రితో కలిసి దాన్ని చూసుకుంటాడు. ఒక తమ్ముడున్నాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పిల్లను చూడడం అయిపోయింది, మావాళ్ళు వెళ్ళి వాళ్ళ ఇల్లు చూసి రావడం అయిపోయింది. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు కూడా. అందరికీ నచ్చింది. చెల్లెలు మాత్రం అవునని అనదు, కాదని అనదు. అడిగితే "చెప్త తియ్" అంటుంది. చివరికి మా మేనమామ ఒక ఉపాయం చేశాడు. ఆయనకు కోట్‌పల్లి దగ్గర తోట ఉంది. వికారాబాద్ వాళ్ళకూ తాండూరు వాళ్ళకూ అది మధ్యలో పడుతుంది. ఆదివారం రెండు కుటుంబాలూ అక్కడ కలిసి భోజనం చేయాలని, సాయంత్రం ఎవరిళ్ళకు వాళ్ళు బయలుదేరే ముందు మాట ఖాయం చేసుకోవాలని పెట్టాడు. అంటే చెల్లెలికి ఆ సాయంత్రమే గడువు.

శనివారం పెరట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది.

"అన్నా, రేపు క్రికెట్ ఆడతరంట గదా?"

"ఆడతం. పిల్లగానికి బ్యాటింగంటే పానమంట."

"జల్ది ఔట్ చెయ్."

"ఏందే, కాబోయే మొగని మీద అప్పుడే పగనా?"

"పగ గాదన్నా. ఔటైనంక మొఖం ఎట్ల పెడ్తడో జూడు. బ్యాట్ నేలకేసి కొడ్తడా, ఎవరి మీదన్న ఒర్లుతడా? చూసి నాకు చెప్పు. ఫోన్ల అందరు మంచిగనే మాట్లాడ్తరు."

నేను ఏదో వేళాకోళం చేయబోయి ఆగిపోయాను. ఆమె ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు.

మా నాయన చెడ్డవాడు కాదు. తాగడు, పేకాడడు, పిల్లల చదువులకు చేనంతా ఒంటిచేత్తో దున్నినవాడు. కానీ కోపం. కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్ళెం గోడకు తగిలేది. రిమోట్ కనిపించకపోతే ఇల్లంతా వణికేది. ఆయన ఇంటికొచ్చే వేళకు గేటు చప్పుడును బట్టి మేం నడుచుకునేవాళ్ళం. మెల్లగా తీస్తే ఆ సాయంత్రం మాది, విసురుగా తీస్తే పుస్తకాలు ముందేసుకుని తలలు వంచుకోవాలి. మా అమ్మ అప్పటికే పొయ్యి దగ్గర రెండోసారి కూర రుచి చూస్తుండేది. ఇప్పుడు బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, కోపం చాలా తగ్గింది. మా భయం మాత్రం తగ్గలేదు. ఆయన దగ్గినా ఇప్పటికీ అందరం ఒక్కసారి తలెత్తి చూస్తాం. అదే ఇంకో ఇంట్లో మళ్ళీ మొదలవుతుందేమోనని చెల్లెలి దిగులు. పుట్టినప్పటి నుంచీ పడ్డది చాలనుకుంది. నాకు ఆమె మీద చాలా జాలేసింది. "ఫికర్ చెయ్యకు, మొదటి ఓవర్లనే పంపిస్త" అని మాటిచ్చాను.

ఆదివారం కోట్‌పల్లిలో ఎండ అప్పుడే ముదురుతోంది. మామ చేలో కంది కోసి కట్ట కట్టేశారు. ఒక వారగా మోళ్ళు పీకించి, నీళ్ళు చల్లి, పిచ్ లాంటిది చదును చేయించాడు. మిగతా చేనంతా కంది మోళ్ళే. బంతి కోసం పరిగెత్తినవాడి చెప్పు ఊడిందంటే అరికాలికి గుచ్చుకోవడం ఖాయం. వికెట్లకు బదులు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పెట్టాం. ఆడవాళ్ళు మామిడిచెట్ల కింద చాపలు పరుచుకున్నారు. అంపైర్‌గా ఎవరుండాలన్న ప్రశ్నే రాలేదు. మా నాయన తువ్వాల తలకు చుట్టుకుని కుర్చీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఆయన్ని కాదనేదెవరు?

మొదట బ్యాటింగ్ తాండూరు వాళ్ళది. అతిథులకు మొదటి బ్యాటింగ్ ఇవ్వకపోతే ఏం మర్యాద? నేను బంతి తీసుకుని వెనక్కి నడుస్తుంటే మామ పక్కకు లాగాడు.

"మెల్లగ ఎయ్యిరా. అల్లుడు సున్నకు ఔటైతే మంచిగుంటదా? ఆల్ల చుట్టాలంత చూస్తున్నరు."

"ఇంక అల్లుడు గాలేదు గదా మామా."

"కావాల్నంటే మెల్లగ ఎయ్యి."

మామ మాట అటు, చెల్లెలి మాట ఇటు. నేను చెల్లెలికే కట్టుబడ్డాను. పిల్లవాడు తెల్లచొక్కా చేతులు మడుచుకుని, వంగి, బ్యాట్‌తో నేలను రెండుసార్లు తట్టాడు. నేను కాస్త పొట్టిగా, వేగంగా వేశాను. టప్పా పడి లోపలికి తిరిగి, బ్యాట్‌కూ ప్యాంటుకూ మధ్య నుంచి దూరి, కుర్చీకి ఫట్‌మని తగిలింది. కుర్చీ వెల్లకిలా పడింది. అంత మంచి బంతి నేను ఆ ఏడాదంతా వేయలేదు. రెండు చేతులూ పైకెత్తాను.

"నో బాల్!" అన్నాడు నాయన.

రెండు చేతులూ పక్కలకు చాపి, వైడ్‌కు చూపించే గుర్తు చూపించాడు. నేను గీతకు బెత్తెడు వెనకే ఉన్నాను. నోరు తెరవబోయి ఆయన కళ్ళు చూసి మూసుకున్నాను. పిల్లవాడు పడిపోయిన కుర్చీ వంక, నా వంక, మా నాయన వంక చూశాడు. తనే కుర్చీ లేపి నిలబెట్టి మళ్ళీ బ్యాట్ తట్టాడు. వెళ్ళిపోతాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, వెళ్ళలేదు. నేనైనా వెళ్ళను.

ఆ తర్వాత మావాళ్ళంతా ఆ దారే పట్టారు. ఇంకో బంతికి క్యాచ్ లేస్తే మా పెదనాన్న కొడుకు రెండు చేతులతో శుభ్రంగా పట్టుకుని, ఎవరు కొట్టిందో గుర్తొచ్చి, దాన్ని మెల్లగా నేల మీద పెట్టేశాడు. పిల్లవాడు కాలు జారి పరుగు మధ్యలో పడితే మా కీపర్ బంతి చేతిలో పెట్టుకుని, అల్లుడు లేచి, దులుపుకుని, చెప్పు తొడుక్కుని గీత చేరేదాకా మేఘాలు చూశాడు. ఇక ఔట్ ఎక్కడవుతాడు? పైగా చక్కగా ఆడాడు కూడా, అది నాకు ఇంకా ఒళ్ళుమంట. చెట్ల కింద వాళ్ళ అత్తలూ పిన్నులూ చప్పట్లే చప్పట్లు.

చెల్లెలు మంచినీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఏమైంది?"

"ఏం గావాలె? నాయిన ఔట్ ఇస్తలేడు. ఔట్ గానోని మొఖంల ఏం చూడాలె?"

ఆమె చెంబు వెనక్కి తీసుకుంది. ముఖం వాడిపోయింది. "నేను పరేషాన్ అయితున్న అన్నా. పొద్దుగూకితే అడుగుతరు" అంది.

భోజనాలప్పుడు బగారన్నం, మటన్, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. అందరూ లొట్టలేసుకుంటూ తింటున్నారు. నాకు ముద్ద దిగలేదు. తిన్నాక పెద్దలు చాపల మీద నడుం వాల్చడం మొదలుపెట్టారు. ఇక ఆట చాలు, చాలా ఎండగా ఉందని ఎవరో అన్నారు. అంతే, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు చెల్లెలు పళ్ళాలు తీస్తూ నా దగ్గర వంగి మెల్లగా అంది.

"ఆయనతోటి బౌలింగ్ ఎయ్యించు."

"ఆయనకు బౌలింగ్ రాదంటనే."

"రాదు కాబట్టే."

నేను లేచి, మాకూ బ్యాటింగ్ రావాలా వద్దా, అతిథులు ఆడి వెళ్ళిపోతే మేం మోళ్ళు ఏరుకోవాలా అని గొడవ చేశాను. పిల్లవాడి చేతికే బంతి ఇచ్చాను. "నాకు రాదు బావా, నిజంగ రాదు" అని వెనక్కి తగ్గాడు. "వచ్చినోళ్ళతోటి మేం రోజు ఆడతం" అన్నాను. వాళ్ళ తమ్ముడు "ఎయ్యన్నా, ఎయ్యి, నీ బండారం ఆల్లకు గూడ తెల్వాలె" అని వెనక నుంచి తోశాడు. బ్యాటింగ్‌కు నేనే దిగాను.

రాదన్నది నిజమే. మొదటి బంతి ఎక్కడో పక్క నుంచి వెళ్ళి ఆడవాళ్ళ చాప మీద పడింది. రెండోది నా తల మీదుగా పోయింది. మూడోది రెండుసార్లు నేలను తాకి, దొర్లుకుంటూ వచ్చి, నా దాకా రాకముందే ఆగిపోయింది. పొద్దుట అంత అందంగా బ్యాట్ ఆడించిన మనిషేనా ఇతను అనిపించింది. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది. బంతి తేవడానికి మోళ్ళలోకి తనే వెళ్ళి, కుంటుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళ దగ్గర నవ్వులు మొదలయ్యాయి. అప్పుడు నాకు అర్థమైంది, చెల్లెలు ఎందుకు ఈ పని చెప్పిందో. పొద్దున ఇతన్ని కాపాడడానికి మావాళ్ళంతా ఒక్కటయ్యారు. ఇప్పుడు కాపాడాలన్నా ఎవరి తరమూ కాదు. వైడ్ పడ్డ బంతిని మర్యాద కోసం తిన్నగా చేయలేం. బౌలర్ పరువు బౌలరే మోసుకోవాలి.

ఆ తర్వాతి బంతి ఎలాగో సరిగ్గా పడింది. కొట్టొద్దని చాప మీద నుంచి మామ సైగ చేస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకుని బాదాను. తగలరాని చోట తగిలి, బంతి నిలువునా గాల్లోకి లేచింది. కింద వాళ్ళ తమ్ముడు ఉన్నాడు. రెండడుగులు కూడా వేయనక్కర్లేదు. చేతులు చాపాడు, బంతి చేతుల్లోనే పడింది, పడి జారిపోయింది. కాలికి తగిలి మోళ్ళలోకి పోయింది.

అన్నకు వచ్చే ఒకే ఒక్క వికెట్, రెండు కుటుంబాల ముందు, కాబోయే పెళ్ళాం ముందు, తమ్ముడి చేతుల్లోంచి జారిపోయింది. నేను అతని ముఖం చూడాలి. చెల్లెలు చెప్పింది అదే. కానీ నా కళ్ళు వాటంతట అవే తమ్ముడి మీదికి పోయాయి. మేం పెరిగిన ఇల్లు అలాంటిది. తప్పు జరిగిన చోట, తప్పు చేసినవాడు ముందు ఎటు చూస్తాడో నాకు తెలుసు.

ఆ తమ్ముడు ఎటూ చూడలేదు. నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని అరిచాడు.

"నీ బాల్‌ల దమ్మే లేదన్నా! గాలిలనే నిద్రవోయింది. నేనేం జెయ్యాలె?"

అన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, తనూ నవ్వాడు. తర్వాత తలెత్తి మా నాయన వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు పట్టినా ఫాయిదా లేకుండెరా. మామ నో బాల్ అంటుండె. పొద్దుగాల చూసిన గదా, మామ నో బాల్ ఎట్లుంటదో!"

తాండూరు వాళ్ళంతా గొల్లుమన్నారు. మా వైపు ఒక్కరూ నవ్వలేదు. సైగ చేస్తున్న మా మేనమామ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మా పెదనాన్న కొడుకు చెప్పు తొడుక్కుంటూ అలాగే వంగి ఉండిపోయాడు. మా నాయన ముఖం మీద ఆయన తీర్పును ఎగతాళి చేసినవాళ్ళు మా వంశంలో లేరు. పైగా మాట ఖాయం కాకముందే మామ అని పిలిచాడు. నాయన తువ్వాల విప్పి, ముఖం తుడుచుకుని, అతన్ని కాసేపు చూశాడు. అయిపోయింది, సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాను.

"బ్యాటింగంటే కాపాడిన కొడుకా. గీ బౌలింగును నేనేడ కాపాడాలె?" అన్నాడు నాయన.

అని, తనే ముందు నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. అప్పుడు మాకు ఊపిరొచ్చింది. ఒకరి ముఖాలొకరం చూసుకుని, నవ్వొచ్చా అని అడుగుతున్నట్టు మొదలుపెట్టి, చివరికి అందరికంటే మేమే ఎక్కువ నవ్వాం. ఆ తర్వాతి బంతి నేల మీద పాకుతూ వచ్చి నా బ్యాట్ కింద నుంచి దూరి కుర్చీకి తగిలింది. కన్నకొడుకన్న దయ కూడా లేకుండా నాయన వెంటనే వేలెత్తాడు. ఒక పాకుడు బంతికి ఔటై అంత సంతోషంగా నడిచిన బ్యాట్స్‌మన్ వికారాబాద్ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

చెల్లెలు చెట్టు మొదట్లో గిన్నెలు సర్దుతోంది. అమ్మ పక్కనే కూర్చుని మిగిలిన రొట్టెలు గుడ్డలో చుడుతోంది. అమ్మ వినకుండా చెప్పాలని చెల్లెలి పక్కన కూలబడ్డాను.

"ఎట్లుండె మొఖం?" అంది చెల్లెలు. గిన్నె మీద ఆమె చెయ్యి కదలడం లేదు.

"ఆయన మొఖం సరిగ చూడలేదే. తమ్ముని మొఖం చూసిన. క్యాచ్ ఇడిసిపెట్టినంక భయపడ్తడేమో అని చూసిన. ఆనికి భయమే లేదు. అన్న మీదనే నవ్విండు."

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, నవ్వబోయింది. నాకు మెడ మీద నుంచి పెద్ద బరువు దించినట్టయింది. ఆమె ఇప్పుడు తాండూరులో సుఖంగా ఉంది, ఫోన్ చేస్తే వెనక ఎవరో ఒకరు అరుస్తూ నవ్వుతూ వినిపిస్తారు. అప్పటికి ఆ సంగతులేవీ మాకు తెలియవు. తెలిసింది ఆ ఒక్క తమ్ముడి నవ్వే.

మాకు ఒక్క మాట కూడా చెప్పని అమ్మ, రొట్టెల మూట ముడి వేస్తూ, తలెత్తకుండానే అంది.

"నేను గూడ గా చిన్నోన్నే చూస్తున్న బిడ్డా, పొద్దటి సంది. పో, ఒప్పుకో."